మూడో మార్గం దగ్గర ఆగిపోయిన పిల్ల

మా బడిలో ఒత్తిడి నివారణ మీద పరీక్ష పెట్టారు. "ఒత్తిడి అనగానేమి? దానిని నివారించు ఐదు మార్గములను వ్రాయుము" అని ప్రశ్న, ఐదు మార్కులు. ఆ పరీక్ష రాస్తూ, పదో తరగతిలో అందరికంటే బాగా చదివే పిల్ల ఒళ్లంతా చెమటలు పట్టి, పెన్ను మూతైనా పెట్టకుండా లేచి బయటికి పరుగెత్తింది. ఈ మాట చెప్తే మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నేను కల్పించానంటారు. అంత కల్పన చేతనైతే నేను జీవశాస్త్రం చెప్పుకుంటూ ఎందుకు బతుకుతాను?

మాది శామీర్‌పేట చెరువుకు దగ్గర్లో ఉన్న సర్కారు బడి. నేను మేడ్చల్ నుంచి స్కూటీ మీద వస్తాను. చెరువులో చేపలు పట్టేవాళ్లు, కూరగాయల మళ్లలో పనికి పోయేవాళ్లు, పొద్దున్నే అడ్డా మీద కూలికి నిలబడేవాళ్లు, వీళ్ల పిల్లలే మా పిల్లలు. కొత్త కాలనీల పిల్లలు మా గేటు ముందు నుంచే పసుపు బస్సుల్లో పోతారు. వాళ్ల టైలు చూసి మావాళ్లు నవ్వుతారు, మావాళ్ల రబ్బరు చెప్పులు చూసి వాళ్లు నవ్వుతారు. పరీక్షల కాలం వచ్చేసరికి ఇద్దరూ నవ్వడం మానేస్తారు.

ఆ ఏడాది పదో తరగతి పిల్లలకు వారానికొక పీరియడ్ ఒత్తిడి గురించి చెప్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అది తిన్నగా వచ్చి నా మెడకు చుట్టుకుంది. గుండె, నరాలు, మెదడు, అన్నీ మీ సబ్జెక్టులోనే ఉన్నాయి కదా అన్నారు మా హెడ్మాస్టరు గారు. ఆయన పదో తరగతికి లెక్కలు చెప్తారు. మనిషి మంచివాడే, కానీ లోకంలో ఉన్నదంతా సిలబస్సుగానే కనిపిస్తుంది ఆయనకు. నన్ను ఒకరోజు మేడ్చల్లో శిక్షణకు పంపారు. అక్కడ ఒకాయన సాయంత్రం దాకా తెర మీద బొమ్మలు చూపిస్తూ ఒత్తిడి తగ్గించుకోవడం ఎలాగో చెప్పాడు. బయటికి వచ్చేసరికి టీచర్లందరికీ తలనొప్పి.

అక్కడ ఇచ్చిన ఐదు మార్గాలనూ నేను బోర్డు మీద రాశాను. గాఢంగా శ్వాస తీసుకోవడం, వేళకు నిద్రపోవడం, సమయపట్టిక వేసుకోవడం, మనసులో మాట ఇతరులతో చెప్పుకోవడం, ఆటలాడటం. పిల్లలు వాటిని రెండు రంగుల సిరాలతో అందంగా ఎక్కించుకున్నారు. అక్కడితో ఆగినా పోయేది. పాఠం చెప్పాక పరీక్ష పెట్టకపోతే ఎట్లా అని హెడ్మాస్టరు గారు నేను సెలవులో ఉన్న రోజు చూసి ప్రశ్నపత్రం తయారుచేశారు. మర్నాడు నేను బడికి వచ్చేసరికి పరీక్ష నడుస్తోంది. వరండా చివర చేతులు కడుక్కునే నల్లాల దగ్గర ఆ పిల్ల కూర్చుని ఉంది.

ఏమైంది బిడ్డా అని అడిగితే ఏం లేదంది. చెయ్యి పట్టుకుని చూశాను. ఎండలో కూర్చున్నా చెయ్యి కుండలో నీళ్లంత చల్లగా ఉంది. కాసేపటికి, "కడుపుల దేవినట్టయితాంది మేడం" అంది. ఎవరికీ చెప్పొద్దని కూడా అంది.

ఆ సాయంత్రం స్టాఫ్ రూంలో ఆమె కాగితం తీసి చూశాను. ఒత్తిడి అనగానేమి అన్నదానికి చక్కటి జవాబు. మొదటి మార్గం ఉంది, రెండో మార్గం ఉంది. ఆ కింద మూడు అని అంకె వేసి ఉంది. దాని మీదే మళ్లీ మళ్లీ దిద్దడంతో కాగితం చిరుగుపట్టింది. ఆ తర్వాతంతా ఖాళీ. మర్నాడు ఆమెను పక్కకు పిలిచి నాలుగో మార్గం ఏమిటని అడిగాను. తడుముకోకుండా చెప్పింది. ఐదోదీ చెప్పింది.

"మరి రాయలేదేంది?"

"మూడోది యాదికి రాలే మేడం."

"నాలుగోది యాదికుంది గద?"

ఆమె నా వైపు జాలిగా చూసింది. "మూడోది రాయకుంట నాలుగోది ఎట్ల రాస్త మేడం? వరుస తప్పుతది."

నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. జవాబులు వరుసగా రాయాలి, వరుస తప్పితే దిద్దేవాళ్లకు చిరాకు పుడుతుంది అని మా బడిలో ఆరో తరగతి నుంచీ చెప్తారు. కాగితం శుభ్రంగా ఉండాలని మొదలైన మాట అది. మిగతా పిల్లలు దాన్ని సగం విని సగం గాలికొదిలేశారు. ఈ పిల్ల పెద్దవాళ్లు చెప్పింది అక్షరం వదలకుండా పట్టుకునే రకం. రాని ప్రశ్నను వదిలేసి ముందుకు పో అని చెప్పాను. సరే మేడం అని తలూపింది. ఆ తల ఊపుడు నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, దానికి అర్థం మీరు చెప్పడం అయిపోతే నేను వెళ్తానని.

సంక్రాంతి సెలవుల తర్వాత ప్రీఫైనల్ పరీక్షలు వచ్చాయి. లెక్కల పేపరు రోజు మూడో లెక్క దగ్గర ఆమె పెన్ను ఆగిపోయింది. మూడు గంటలూ ఆ ఒక్క లెక్క ముందే కూర్చుంది. బయటికొచ్చి వాంతి చేసుకుంది. పై మార్కులు తెచ్చే పిల్ల పాస్ మార్కులు దాటలేదు. హెడ్మాస్టరు గారికి నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. తండ్రిని పిలిపించారు.

ఆ తండ్రి చెరువులో వలలు వేస్తాడు. తడి ఆరని లుంగీతోనే వచ్చాడు, కుర్చీ చూపించినా కూర్చోలేదు. పిల్ల చదువు మీద ధ్యాస పెట్టడం లేదని, ఫోన్ చూస్తోందేమో కనుక్కోమని హెడ్మాస్టరు గారు మొదలుపెట్టారు. ఆయన చివరిదాకా విని, మెల్లగా అన్నాడు:

"ఫోను గాదు సార్. పరీచ్చ ఉన్న పొద్దు నా బిడ్డ అన్నం ముట్టదు. తింటె కక్కుకుంటది. జెరం లేకున్న వణుకుతది. మా అమ్మ ఉప్పు దిప్పింది, దేవరయాంజాల్ రాములోరికి మొక్కింది. ఏం కాలే. ఇగ నాతోని సూసుడు గాదు. పెద్ద పరీచ్చ రాయనియ్య. మా అక్క బిడ్డ కంపెనీల ప్యాకింగ్ పనికి పోతది, ఈమెను గాడ వెడ్త. నవ్వుకుంటన్న బతుకుతది."

నేను ఆయనను నాలుగు దులుపుదామనే ఆ గదిలోకి వచ్చాను. నా నోరు ఊరుకోదని బడిలో అందరికీ తెలుసు. కానీ ఆ చివరి మాట విన్నాక, ఆయన వద్దన్న కుర్చీలో నేనే కూర్చున్నాను. పిల్ల సంపాదన మీద ఆశతో అన్న మాట కాదది. కళ్ల ముందు బిడ్డ వణుకుతుంటే ఏ తండ్రి అయినా అనే మాట. అయినా ఆ పిల్లను ప్యాకింగ్ బల్ల ముందు ఊహించుకుంటే నాకు కడుపు మండిపోయింది. ఆమె బుర్రలో లెక్కలు పరుగెత్తడం నేను చూశాను. హాల్ టికెట్లు వచ్చేదాకా నాకు గడువివ్వమని అడిగాను. ఆయన గుమ్మం దాకా పోయి ఆగాడు. గప్పటిదాక సూస్త, గిట్లనే ఉంటె మాత్రం నన్ను బలవంతం జేయొద్దు మేడం అని వెళ్లిపోయాడు.

అతను గేటు దాటాక హెడ్మాస్టరు గారి మీద పడ్డాను. ఒత్తిడి పీరియడ్‌లో ఇక పుస్తకం ఉండదు, బోర్డు ఉండదు, పరీక్ష అసలే ఉండదు అన్నాను. మరి పైవాళ్లకు ఏం చూపించాలి అన్నారాయన. ఫొటోలు చూపించండి అన్నాను. ఆయనకు ఫొటోలంటే ప్రాణం. దాంతో ఆ గొడవ తీరిపోయింది.

తర్వాతి పీరియడ్‌కు పిల్లలను వరండాలోకి తీసుకొచ్చాను. తరగతిలో పొడుగ్గా ఉండే ఒక అమ్మాయిని బండల మీద వెల్లకిలా పడుకోమని, చుట్టూ చాక్‌పీస్‌తో గీత గీయించాను. అమ్మాయి లేచాక మనిషి ఆకారం మిగిలింది. మధ్యాహ్న భోజనం వండేచోట చారు కోసం చింతపండు పిసికాక మిగిలిన గింజలు కడిగి ఆరబెట్టి తెచ్చాను. మా పిల్లలకు చింతగింజలంటే పచ్చీసు ఆట, అందుకే అవి చూడగానే సగం భయం పోయింది. ఒక్కొక్కరికి ఒక గింజ ఇచ్చి, ఒకరు పెట్టేటప్పుడు మిగతావాళ్లను బయటికి ముఖం పెట్టి నిలబడమన్నాను. ప్రశ్నపత్రం చేతికి రాగానే మీకు ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో అక్కడ గింజ పెట్టి రండి, ఎవరు ఎక్కడ పెట్టారో ఎవరూ చూడరు అని చెప్పాను.

ఒక్కొక్కరే పిడికిలి మూసుకుని వెళ్లి, వంగి, గింజ పెట్టి వచ్చారు. అందరూ అయ్యాక ఇటు తిరగమన్నాను.

కడుపు మీద గింజల కుప్ప. గొంతు దగ్గర కొన్ని, అరచేతుల్లో కొన్ని, మోకాళ్ల మీద రెండు మూడు. ఒక గింజ మాత్రం అసలు మనిషిలోనే లేదు, దూరంగా బాత్రూంల వైపు పోయే మెట్టు మీద ఉంది. దాని యజమాని ఎవరో అడగకముందే నవ్వులు లేచాయి. ఆ నవ్వులో వాడు కూడా నవ్వుతున్నాడు. అప్పుడే హెడ్మాస్టరు గారు ఫొటో తీయడానికి వచ్చి, ఆ గింజలను అటూ ఇటూ చూసి, "దీనికి మార్కులు ఎట్ల వేస్తరు మేడం?" అని నెమ్మదిగా అడిగారు.

ఆ పిల్ల నవ్వలేదు. కడుపు మీది కుప్పనే చూస్తోంది. "గింతమందికి అయితదా మేడం?" అంది. ఆ పీరియడ్ మొదలయ్యాక ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి. నాకొక్కదానికే అని ఇన్నాళ్లూ అనుకుందట. బాగా చదివే పిల్లకు ఇట్లా అవుతుందని తెలిస్తే నవ్వుతారని దాచుకుందట. పక్కన నిలబడ్డ ఆమె స్నేహితురాలు, వెనక బెంచీలో కూర్చుని ఎప్పుడూ తిట్లు తినే అమ్మాయి, నాదీ కడుపే అని ఆమె జబ్బ మీద చరిచింది.

అప్పుడు నా పాఠం నేను చెప్పాను. వీధికుక్క వెంటపడితే ఒళ్లు ఏం చేస్తుంది? గుండె గబగబా కొట్టుకుంటుంది, రక్తం కాళ్లలోకి పోతుంది, కడుపు తన పని ఆపేస్తుంది, ఎందుకంటే పరుగెత్తేటప్పుడు అన్నం అరగడం ముఖ్యం కాదు. ప్రశ్నపత్రాన్ని చూసి కూడా ఒళ్లు కుక్కే అనుకుంటుంది. అది జబ్బు కాదు, దిష్టి కాదు, చదువు రాకపోవడం అంతకన్నా కాదు. కుక్క కాదమ్మా కాగితమే అని ఒంటికి తెలియజెప్పాలంటే ఊపిరిని మెల్లగా, పొడుగ్గా వదలాలి. పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు ఉండాలి. కడుపు మీద అరచెయ్యి పెట్టుకుని అందరం వదిలాం. మొదట్లో పక్కవాళ్లను చూసి కిచకిచలాడారు, తర్వాత నిజంగానే నిశ్శబ్దం వచ్చింది.

ఆ తర్వాత ఆ పిల్ల స్లిప్ టెస్టుల రోజు కొంచెమైనా అన్నం తినడం మొదలుపెట్టింది. వాంతులు ఆగాయి. నేను గెలిచానని అప్పుడే ఎగిరాను. లెక్కల కాగితాలు చూశాక దిగాను. వణుకు తగ్గింది కానీ ఏ లెక్క రాకపోతే ఆ లెక్క దగ్గర ఆమె ఇంకా కూలబడుతూనే ఉంది. వరుస ఆమెను వదల్లేదు. నేనెంత చెప్పినా తలూపుతుంది, పెన్ను మాత్రం ఊపదు. హాల్ టికెట్లు వచ్చే రోజు దగ్గరపడుతోంది.

ఒక ఆదివారం ఏం చెయ్యాలో నాకే తోచక వాళ్ల ఇంటికి వెళ్లాను. తండ్రి తెప్ప మీద చెరువులో ఉన్నాడు, దూరంగా కనిపిస్తున్నాడు. ఆ రోజు గాలి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు నుంచి కొట్టి చెత్త వాసన మోసుకొస్తోంది, ఎవరూ పట్టించుకోవడం లేదు. పిల్ల ఇంటి ముందు టార్పాలిన్ పట్టా నీడలో వల కుప్ప ముందేసుకుని కూర్చుంది. రాత్రి వేసిన వల తుమ్మకంపలో పడి చుట్టుకుపోయిందట. మధ్యలో పుల్లలూ నత్తగుల్లలూ ఇరుక్కుని పెద్ద ముడి పడి ఉంది.

ఏదో సాయం చేద్దామని నేనూ కూర్చుని, ఆ ముడినే పట్టుకుని లాగాను. నా స్వభావం అది, కంటికి కనిపించిన కష్టాన్ని ముందు కొట్టాలి నాకు. ఆమె నా చెయ్యి ఆపింది.

"గుంజకుండ్రి మేడం. గుంజితె ఇంక బిగుస్తది."

"మరి ఏడ మొదలువెట్టాలె?"

"ఏడ వదులుగుంటె ఆడ."

"ముడి ఈడుంటె ఆడెందుకు?"

"ముడి కాడనే కూసుంటె పొద్దుగూకుతది. సుట్టంత వదులు జేసుకుంట వస్తె, ఆఖరుకు గదే ఊడుతది." చెప్తూనే ఆమె వేళ్లు ఒక కొసను దొరకబుచ్చుకుని, కొంచెం తీసి, దాన్ని వదిలి ఇంకోవైపు తిరిగి, మళ్లీ వచ్చి, చకచకా సాగుతున్నాయి. ముఖంలో ఏ కంగారూ లేదు. పరీక్ష హాల్లో నేను చూసిన పిల్లేనా అనిపించింది. నేను ఆమెను చూస్తూ కూర్చున్నాను, ఉన్నట్టుండి నాకు నవ్వు ఆగలేదు.

"గింత తెలిసినదానివి, మూడో లెక్క కాడ ఎందుకు కూసుంటున్నవ్ బిడ్డా?"

ఆమె వేళ్లు ఆగిపోయాయి. "గది వరుస మేడం" అనబోయింది.

"వలకు వరుస ఉందా?"

ఆమె వల వంక చూసింది, తన చేతుల వంక చూసింది. నేను నెలల తరబడి చెప్పిన మాటే అది, కానీ అప్పటిదాకా అది నా మాట. ఇప్పుడు ఆమె చేతుల్లో ఉంది. కాసేపటికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె కూడా నవ్వింది. తర్వాత మళ్లీ వల పట్టుకుని, ఆ పెద్ద ముడి ఊడేదాకా ఇద్దరం చుట్టూ వదులు చేసుకుంటూ వచ్చాం.

సోమవారం లెక్కల పీరియడ్‌లో ఆ పిల్ల లేచి నిలబడి, ప్రశ్న నంబరు సరిగ్గా వేస్తే జవాబులు వెనకాముందు రాయొచ్చా సార్ అని హెడ్మాస్టరు గారిని అడిగిందట. ఆయన గడ్డం గోక్కున్నారట. నంబరు సరిగ్గా ఉంటే ఏం కాదు, శుభ్రంగా ఉండాలని చెప్పాను తప్ప కూడదని నేనెప్పుడన్నాను అన్నారట. తరగతి మొత్తం ముక్కున వేలేసుకుంది. ఈ సంగతి నాకు పిల్లలే పరుగెత్తుకొచ్చి చెప్పారు, పండగ వార్త చెప్పినట్టు.

ఆ వారమే తొలి ప్రయత్నం జరిగింది, చెడిపోయింది కూడా. ఆమె రాని లెక్క వదిలి ముందుకు పోయింది, కానీ వదిలినదాని మీదే ప్రాణం ఉండి మిగతావన్నీ తప్పులు చేసింది. కాగితం నా ముందు పెట్టి ఏడ్చింది. వల విప్పడం మొదటిసారే వచ్చిందా నీకు అని అడిగాను. లేదు, చిన్నప్పుడు ఒకసారి కత్తెరతో కోసేస్తే నాయనమ్మ వీపు చీరేసింది అంది. మాట ముగిసేసరికి ఏడుపు ఆగింది. మళ్లీ రాసింది. మళ్లీ మళ్లీ రాసింది. మిగతా పిల్లలూ ఆ పద్ధతి పట్టుకున్నారు. ప్రశ్నపత్రం రాగానే కడుపు మీద చెయ్యి, పొడుగ్గా ఊపిరి, ఆ తర్వాత పేపరంతా వేలు పెట్టి చదువుతూ వదులు కొస ఎక్కడుందో వెతకడం. వదులు కొస అన్న పేరు ఆమె పెట్టిందే. లెక్కలైనా సాంఘికశాస్త్రమైనా, నాకు వదులు కొస దొరికిందని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు.

హాల్ టికెట్లు వచ్చిన రోజు తండ్రి వచ్చాడు. పిల్లను పిలిచి మా ఇద్దరి ముందే అడిగాడు.

"రాస్తవా?"

"రాస్త బాపు."

"బుగులు?"

"ఉంటది."

ఆయన నా వైపు తిరిగి, ఉంటదంటాంది గద మేడం అన్నాడు. ఉంటుంది, భయం నాకూ ఉంటుంది, ఉన్నా రాస్తుంది అన్నాను. ఆయన హాల్ టికెట్ మీద కూతురి ఫొటోను చాలాసేపు చూసి, తడిచెయ్యి చొక్కాకు తుడుచుకుని, జాగ్రత్తగా ఆమె చేతికి ఇచ్చాడు.

లెక్కల పరీక్ష రోజు నాకు కుత్బుల్లాపూర్‌లోని ఒక బడిలో డ్యూటీ. ఫోన్లు గేటు దగ్గరే తీసుకున్నారు. ప్రశ్నపత్రాలు పంచుతూ నేనూ ఒకసారి చూశాను. మూడో లెక్క చాంతాడంత ఉంది. లెక్కలు నా సబ్జెక్టు కాకపోయినా అది మెలిక పెట్టే లెక్కని తెలిసిపోతోంది. నా కడుపులో చింతగింజల కుప్ప మొత్తం ఒక్కసారి కదిలింది. నా ముందున్న పిల్లలు ఎవరో తెలియదు, వాళ్లలో కొందరి ముఖాలు పాలిపోయాయి. నేను గోడకు ఆనుకుని, ఎవరూ చూడకుండా కడుపు మీద చెయ్యి పెట్టుకుని, పొడుగ్గా ఊపిరి వదిలాను. మూడు గంటల్లో నేను చేయగలిగింది అదొక్కటే.

పేపర్ల కట్టలు అప్పజెప్పి, ఎండలో స్కూటీ మీద శామీర్‌పేట చేరేసరికి మధ్యాహ్నం దాటింది. తండ్రీ కూతుళ్లు ఇంటి ముందు అదే పట్టా నీడలో ఉన్నారు. ఆమె ఇంకా యూనిఫాంలోనే ఉంది, పరీక్ష ప్యాడ్‌తో విసురుకుంటోంది. బండి ఆపానో లేదో నేనేం అడగకముందే చెప్పింది.

"మూడోది మస్తు సతాయించింది మేడం. ఇడిసిపెట్టిన. ఆఖరుకెల్లి వచ్చుకుంట వచ్చిన. దాన్కాడికి వచ్చేసరికి ఇగ అర్ధగంట ఉండె."

"మరి?"

"ఊడింది."

నేను స్కూటీ స్టాండు కూడా వేయకుండా దిగాను. అది ఒక పక్కకు ఒరిగిపోతే తండ్రి పట్టుకున్నాడు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. ఆయన మాత్రం మూడో లెక్క సంగతి పట్టించుకోలేదు. ఆయన చెప్పాలనుకున్నది వేరే ఉంది. "పొద్దుగాల తిని పోయింది మేడం. పెరుగు గూడ ఏసుకున్నది" అన్నాడు. ఆ మాట రెండోసారి కూడా అన్నాడు.

ఫలితాలు వచ్చిన రోజు మా బడిలో పై మార్కులు ఆమెవే. బాత్రూం మెట్టు మీద గింజ పెట్టిన పిల్లవాడితో సహా అందరూ గట్టెక్కారు. హెడ్మాస్టరు గారు మిఠాయి పంచి, వచ్చిన ప్రతివాళ్లకూ చింతగింజల ఫొటోలు చూపిస్తూ, మా బడిలో ఒత్తిడి మీద ప్రత్యేక కార్యక్రమం నడిపామని చెప్పారు. ఐదు మార్కుల పరీక్ష గురించి మాత్రం చెప్పలేదు. నేనూ గుర్తుచేయలేదు. ఆ రోజు నాకు ఎవరి మీదా కోపం రాలేదు, అది నా మట్టుకు పెద్ద విశేషం.

జూన్‌లో బడి తెరిచాక, ఆ తండ్రీ కూతుళ్లు టీసీ కోసం వచ్చారు. ఆమె మేడ్చల్లో ఇంటర్‌లో చేరుతోంది. తీసుకున్నది ఎంపీసీ. లెక్కలు ఉన్న గ్రూపే కావాలందట, ఆయన ఏమీ అనలేదట. వాళ్లు వచ్చేసరికి వరండాలో కొత్త పదో తరగతి పిల్లలు మనిషి బొమ్మ గీసి గింజలు పెట్టి ఉన్నారు. ఎప్పటిలాగే కడుపు మీద కుప్ప. తండ్రి దాని దగ్గర ఆగి, గిదేందని అడిగాడు. కూతురు చెప్పింది, ఎవరికి ఎక్కడ బుగులైతే అక్కడ గింజ పెడతారని.

ఆయన చెప్పులు విడిచి, గొంతుక్కూర్చుని, పక్కనున్న డబ్బా మూతలో మిగిలిన గింజల్లో ఒకటి తీసుకున్నాడు. దాన్ని బొమ్మ ఎదమీద, ఎడమ పక్కన పెట్టాడు.

"నాకు గీడ. నీ లెక్కల పరీచ్చనాడు వల ఎయ్యలే నేను. నువ్వు ఇంటికి వచ్చేదాక ఒడ్డుకు కూసున్న."

"గప్పుడు జెప్పలేదేంది బాపు?"

"ఏమని జెప్పాలె? నువ్వే బుగులు వడుకుంట రాస్తుంటివి."

ఆమె తండ్రి పక్కనే కూర్చుంది. ఆయన చెయ్యి తీసి ఆయన కడుపు మీదే పెట్టి, ఊపిరి పొడుగ్గా ఇడువు బాపు అంది. చుట్టూ ముప్పై మంది పిల్లలు చూస్తున్నారు. ఆయన సిగ్గుపడ్డాడు, అయినా వదిలాడు. సగంలో బీడీ దగ్గు అడ్డం వచ్చింది, పిల్లలు నవ్వారు, ఆయనా నవ్వాడు. మళ్లీ వదలమంది, ఈసారి చివరిదాకా వదిలాడు. కొత్త పిల్లల్లో ఒక అమ్మాయి ధైర్యం చేసి, నీకు బుగులు పోయిందా అక్కా అని అడిగింది.

"పోలే. ఆడనే ఉంటది. ఉండనియ్యి. నువ్వు ఏడ వదులుగుంటె ఆడికెల్లి మొదలువెట్టు."

చాక్‌పీస్ నా చేతిలోనే ఉంది. ఆ ఏడాది పదో తరగతికి నేను చెప్పాల్సిన మొదటి పాఠం ఆమె చెప్పేసింది. నేను తండ్రి పక్కన, బండల మీద చోటు చూసుకుని కూర్చున్నాను.